పక్కదేశంలో స్టాంపింగ్: సరిహద్దు దాటేముందు

పాస్‌పోర్టులో హెచ్-1బి వీసా గడువు ఎప్పుడో అయిపోయింది. అమెరికాలో ఉద్యోగం మాత్రం నిక్షేపంగా ఉంది. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయి కొత్త ఐ-797 కూడా చేతికొచ్చింది. ఇంతలో గుంటూరులో చెల్లెలి పెళ్లి కుదిరింది. వెళ్లకుండా ఎలా ఉంటారు? వెళ్తే స్లాటు దొరక్క, స్టాంపింగ్ ఆలస్యమై అక్కడే ఇరుక్కుపోతే ఈ ఉద్యోగం ఏమవుతుంది? ఇలా తర్జనభర్జన పడుతుండగా ఫ్రెండ్ ఒకతను మెసేజ్ పెడతాడు: "ఇండియా దాకా ఎందుకు బ్రో, వాంకూవర్ వెళ్లి చేయించుకో. రెండ్రోజుల పని."

ఆ మాటతో ప్రాణం లేచొస్తుంది. సియాటిల్ నుంచి వాంకూవర్ కారులో మూడు గంటల దారి. బఫెలో నుంచి టొరంటో ఇంకా దగ్గర. మనవాళ్లు ఏళ్ల తరబడి ఈ దారిలో వెళ్లొచ్చారు. 2004 జూలై వరకు అమెరికాలో ఉన్న ఉద్యోగులకు విదేశాంగ శాఖ పోస్టులోనే వీసా రెన్యూ చేసేది. వీసాకి వేలిముద్రలు తప్పనిసరి కావడంతో ఆ సౌకర్యం ఆగిపోయింది. స్టాంపు కావాలంటే దేశం దాటక తప్పలేదు. దగ్గర్లో ఉన్నవి కెనడా, మెక్సికో రెండే. 2024 మొదట్లో 20,000 మంది దాకా హెచ్-1బి వాళ్లకు అమెరికాలోనే రెన్యూ చేసే ప్రయోగం ఒకటి జరిగింది కానీ, ఆ ఏప్రిల్ 1తో అదీ ముగిసింది.

మీ ఫ్రెండ్ చెప్పకుండా వదిలేసిన సంగతులు రెండున్నాయి. ఏ దేశంలో దరఖాస్తు చేయాలన్న నిబంధన 2025 సెప్టెంబరు 6 నుంచి మారింది. అది ఒకటి. రెండోది అంతకుముందూ ఉంది, ఇప్పుడూ ఉంది: పక్కదేశంలో వీసాకి దరఖాస్తు చేశాక, ఆ వీసా వస్తే తప్ప మీరు అమెరికాకి తిరిగి రాలేరు. అందుకే "స్లాటు ఎక్కడుంది?" అని వెతకడానికి ముందు "వీసా ఆగిపోతే నేను ఎక్కడ ఉంటాను?" అని అడగాలి. దీనికి మీ దగ్గర జవాబు ఉంటే మిగతా పనులన్నీ ఓపిగ్గా చేసుకోగలిగినవే. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. అసలు మీకు స్టాంపు కావాలా?

చాలామంది ఇక్కడే తొందరపడతారు. పాస్‌పోర్టులో వీసా గడువు అయిపోతే అమెరికాలో ఉండకూడదేమోనని కంగారు. వీసా పనల్లా మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకురావడమే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. కొత్త ఐ-797 కాగితం అడుగున ఉన్న ఐ-94 తేదీ దాటనంత వరకు, మీరు అదే ఉద్యోగం చేసుకుంటూ నిశ్చింతగా ఉండొచ్చు. ప్రయాణమేదీ పెట్టుకోకపోతే స్టాంపింగ్ అవసరమే లేదు.

సరే, ప్రయాణం ఉంది. ఎక్కడికి? నయాగరాని అవతలి వైపు నుంచి చూడ్డానికో, టొరంటోలో ఉన్న అక్క ఇంట్లో గృహప్రవేశానికో అయితే మీకో వెసులుబాటు ఉంది. దాన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. కెనడా లేదా మెక్సికోలో 30 రోజులు మించకుండా ఉండి, మరే దేశానికీ వెళ్లకుండా తిరిగొస్తే, గడువు తీరిన వీసాతోనే అమెరికాలోకి రావచ్చు. ఐ-94 చెల్లుబాటులో ఉండాలి, స్టేటస్ సక్రమంగా ఉండాలి, పాత వీసా రద్దయి ఉండకూడదు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి అమెరికాలోనే హెచ్-1బికి మారినవాళ్లకు కూడా ఆ పాత ఎఫ్-1 స్టాంపుతో ఇది వర్తిస్తుంది. ఒరిజినల్ ఐ-797, పాస్‌పోర్టు, ఈమధ్య వచ్చిన పే స్టబ్‌లు దగ్గరుంచుకోండి. విమానంలో వస్తుంటే ఈ నిబంధన ప్రింటు కూడా పెట్టుకోండి. ఎయిర్‌లైన్స్ కౌంటర్లో కూర్చునే అందరికీ ఇది తెలిసి ఉండదు.

ఇందులో ఒక మెలిక ఉంది. దీన్ని రెండుసార్లు చదవండి: ఆ కెనడా ప్రయాణంలో మీరు అమెరికా వీసాకి దరఖాస్తు చేస్తే ఈ వెసులుబాటు పోతుంది. "ఎలాగూ వెళ్తున్నాం కదా, స్టాంపింగ్ ఒక ప్రయత్నం చేద్దాం, రాకపోతే రీవాలిడేషన్ మీద వచ్చేద్దాం" అనే లెక్క పనికిరాదు. దరఖాస్తు చేశారంటే ఇక కొత్త వీసాతోనే వెనక్కి రావాలి. ఈ నిబంధన 2002 నుంచి ఉంది. అయినా ఏటా ఎవరో ఒకరు ఇదే లెక్క వేసుకుని బయల్దేరుతుంటారు.

ఇంకో సంగతి. మీరు ఇప్పటికే కెనడా పౌరులైతే హెచ్-1బికి స్టాంపింగ్ అక్కర్లేదు. ఐ-797 చూపించి నేరుగా సరిహద్దులోనే ప్రవేశం పొందొచ్చు. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఉండి భారత పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్లకు మాత్రం స్టాంపు కావాలి.

2. అక్కడ దరఖాస్తు చేసే అర్హత మీకుందా?

2025 సెప్టెంబరు 6న అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది ఇది: తాత్కాలిక వీసాలకు దరఖాస్తు చేసేవాళ్లు తాము పౌరులుగా ఉన్న దేశంలో గానీ, నివాసం ఉంటున్న దేశంలో గానీ ఇంటర్వ్యూకి వెళ్లాలి. నివాసం పేరుతో వెళ్తే, అక్కడ నిజంగా ఉంటున్నామని చూపించుకోవాలి.

ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్న మీ సంగతి చూడండి. మీ పౌరసత్వం ఇండియా. మీ నివాసం అమెరికా. అమెరికాలో అమెరికా కాన్సులేట్ ఉండదు. ఇక మిగిలింది ఇండియానే. వాంకూవర్‌లో స్లాటు కనిపించినంత మాత్రాన అది మీకోసం ఉందని అనుకోకండి. బుకింగ్ సైటు మిమ్మల్ని ఆపకపోవచ్చు, డబ్బూ కట్టించుకుంటుంది. అర్హత సంగతి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ కిటికీ దగ్గర తేలుతుంది. హెచ్-1బికి కట్టే 205 డాలర్లు తిరిగి రావు, మరో దేశానికి బదిలీ కూడా కావు. సొంత దేశం, నివాస దేశం కాని చోట ప్రయత్నిస్తే వీసా రావడం మరింత కష్టం కావచ్చని ఆ ప్రకటనలోనే ఉంది.

మరి పక్కదేశం తలుపు ఎవరికి తెరిచి ఉంది? టొరంటోలో పీఆర్ మీద ఉంటూ అమెరికా కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్న తెలుగు ఇంజనీరుకి ఉంది. వర్క్ పర్మిట్ మీద వాంకూవర్‌లో కాపురం ఉంటున్నవాళ్లకి ఉంది. 2023 జూలైలో కెనడా అమెరికా హెచ్-1బి వాళ్ల కోసం 10,000 ఓపెన్ వర్క్ పర్మిట్లకు దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెడితే, అవి ఒక్కరోజులో అయిపోయాయి. అలా వచ్చి నిజంగా స్థిరపడినవాళ్లూ ఈ కోవలోకే వస్తారు. కెనడా అనే కాదు, దుబాయిలో రెసిడెన్సీ మీద ఉన్నవాళ్లకు అక్కడా ఇదే సూత్రం.

మీరు ఈ జాబితాలో ఉంటే నివాసాన్ని కాగితాలతో చూపించేందుకు సిద్ధపడండి. పీఆర్ కార్డు లేదా వర్క్ పర్మిట్, ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, అక్కడ కట్టిన పన్నుల పత్రాలు, అక్కడి పే స్టబ్‌లు. పిల్లలు అక్కడి బడిలో చదువుతుంటే ఆ కాగితం కూడా. హోటల్ బుకింగో, స్నేహితుడి ఇంటి అడ్రసో నివాసం కింద లెక్కకు రావు.

కెనడాలో ఉంటూ కొత్తగా హెచ్-1బి తీసుకుంటున్నవాళ్లు కంపెనీని ఇంకో ప్రశ్న అడగాలి. 2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉండి హెచ్-1బి వీసా లేనివారి కోసం వేసే కొత్త పెటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టారు. మీ పెటిషన్‌కి అది వర్తిస్తుందా, వర్తిస్తే కట్టారా? ఈ మాట లాయరు నోటితో, వీలైతే ఈమెయిల్లో, స్పష్టంగా తెలుసుకోండి. అమెరికాలో ఉండగానే ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయి, ఆ పెటిషన్ మీదే స్టాంపింగ్‌కి వెళ్లేవారికి ఇది వర్తించదు.

డల్లాస్ వాళ్లు ఇక్కడితో పుస్తకం మూసేయకండి. కింద చెప్పేవన్నీ నానక్‌రామ్‌గూడలోని హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లినా పనికొస్తాయి.

3. ఆగిపోతే ఏం చేస్తారో ముందే రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఇంట్లో ఇద్దరూ కలిసి కూర్చుని రాస్తే ఇంకా మంచిది.

వీసా రెండు నెలలు ఆగితే ఎక్కడ ఉంటాను? అక్కడి నుంచి పనిచేయడానికి నా మేనేజరు ఒప్పుకుంటారా? కంపెనీ ల్యాప్‌టాప్‌ని ఆ దేశంలో వాడొచ్చా? అమెరికాలో ఇంటి అద్దె, కారు వాయిదా, పిల్లల బడి ఎవరు చూస్తారు?

మేనేజరుతో మాట్లాడడానికి మొహమాటపడతాం. "ముందే చెప్తే ఏమనుకుంటారో" అని. సమస్య వచ్చాక అడిగితే మీరు సాయం అర్థిస్తున్నట్టు ఉంటుంది. ముందే అడిగితే ప్రణాళిక చెప్తున్నట్టు ఉంటుంది. "ఫలానా వారం ఇంటర్వ్యూ. మామూలుగా కొద్దిరోజుల్లో పాస్‌పోర్టు వస్తుంది. ఆలస్యమైతే బయటి నుంచి పనిచేయడానికి కంపెనీ అనుమతి ఉందా, ఎన్నాళ్లు?" అని సూటిగా అడగండి. చాలా కంపెనీలకు దీనిపై రాతపూర్వక విధానం ఉంటుంది. హెచ్ఆర్ చెప్పే జవాబు ఈమెయిల్లో ఉండేలా చూసుకోండి. కెనడాలో విజిటర్‌గా ఉంటూ, కెనడా బయటి కంపెనీకి రిమోట్‌గా పనిచేయడానికి అక్కడి ప్రభుత్వం నుంచి అడ్డులేదు. అడ్డు ఉంటే మీ కంపెనీ నుంచే ఉంటుంది.

పక్కదేశంలో అడుగుపెట్టడానికి కూడా వీసా కావాలని మర్చిపోయేవాళ్లున్నారు. భారత పాస్‌పోర్టుకి కెనడా విజిటర్ వీసా కావాలి. మెక్సికో అయితే, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లని విడిగా వీసా అడగదు. మీ అమెరికా వీసా గడువు తీరి, ఇలాంటి మినహాయింపు ఇచ్చే వేరే దేశపు వీసా కూడా లేకపోతే, మెక్సికో వీసా తీసుకోవాల్సిందే.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికైనా "చూద్దాంలే" అని రాశారా? అయితే ఇంకా స్లాటు బుక్ చేయకండి.

4. డీఎస్-160 ఓ ఆదివారం మధ్యాహ్నం నింపండి

రాత్రి పదకొండింటికి, పిల్లలు పడుకున్నాక, ఒక కన్ను మూసుకుపోతుండగా నింపే ఫారం కాదిది, మీ వీసా దరఖాస్తే ఇది. మీ ఇంటర్వ్యూలో సగం ఇక్కడే జరిగిపోతుంది. ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే సైటు బయటకు నెట్టేస్తుంది కాబట్టి అప్లికేషన్ ఐడీ రాసుకుని, ప్రతి పేజీకీ సేవ్ చేసుకుంటూ వెళ్లండి.

మన తెలుగువాళ్లకు మొదటి చిక్కు పేరు దగ్గరే. ఇంటిపేరు ముందు, పేరు వెనక. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక మార్చుకున్న పేరు ఇంకోటి. నియమం ఒక్కటే: పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అది సర్‌నేమ్, గివెన్ నేమ్ గడిలో ఏముందో అది గివెన్ నేమ్. మీరు ఇంట్లో ఎలా పిలిపించుకుంటారన్నదానితో పనిలేదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే దాన్ని సర్‌నేమ్‌గా ఇచ్చి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని రాస్తారు. ఐ-797 మీద పేరు దీనితో సరిపోలకపోతే ప్రయాణానికి ముందే లాయరుకి చెప్పండి.

తప్పులు ఎక్కువగా జరిగే ప్రశ్నలు ఇంకొన్ని:

"మీకోసం ఎవరైనా ఇమిగ్రెంట్ పెటిషన్ వేశారా?" కంపెనీ మీ గ్రీన్‌కార్డుకి ఐ-140 వేసి ఉంటే జవాబు "అవును". గ్రీన్‌కార్డు సంగతి చెప్తే వీసా ఇవ్వరేమోనని దాచేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. హెచ్-1బి వాళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లిపోతామని నిరూపించుకోవాల్సిన పనిలేదు. ఆ షరతు విద్యార్థి, విజిటర్ వీసాలది. అమెరికా ప్రభుత్వ రికార్డులో ఉన్న విషయాన్ని మీరు "లేదు" అంటేనే ఇబ్బంది.

"ఎప్పుడైనా వీసా నిరాకరించారా?" ఎప్పుడో బీటెక్ అయ్యాక ఎఫ్-1 రెండుసార్లు రిజెక్ట్ అయి మూడోసారి వచ్చిందా? రాయండి. గతంలో కాగితాలో పరిశీలనో మిగిలుందని 221(జి) స్లిప్ ఇచ్చి తర్వాత వీసా ఇచ్చారా? నిబంధన ప్రకారం అదీ నిరాకరణే. రాసి, తర్వాత వీసా వచ్చిందని పక్కన వివరించండి.

"అరెస్టు అయ్యారా?" కేసు కొట్టేసినా, పార్టీ నుంచి తాగి కారు నడిపిన ఒక్క రాత్రి సంగతైనా జవాబు "అవును"నే. కోర్టు కాగితాలు సర్టిఫైడ్ కాపీలతో సహా పట్టుకెళ్లాలి. ఇలాంటిది ఉంటే లాయరుతో మాట్లాడకుండా దేశం దాటకండి.

సోషల్ మీడియా ఖాతాలు: గత ఐదేళ్లలో వాడినవన్నీ రాయాలి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 (వాళ్ల భార్యాభర్తలు, పిల్లల వీసా) దరఖాస్తుదారుల ఆన్‌లైన్ ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు. ప్రొఫైళ్లను పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. ఈ మార్పు మొదలైనప్పుడు ఇండియాలో డిసెంబరు ఇంటర్వ్యూలు ఎన్నో నెలల తరబడి వాయిదా పడ్డాయి. పెళ్లిళ్లకని వచ్చిన కుటుంబాలు ఎంత నలిగిపోయాయో మీరూ వినే ఉంటారు. లింక్డిన్‌లో ఒక హోదా, పెటిషన్‌లో మరో హోదా ఉంటే ఈ పరిశీలనలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పుడే ఒకసారి చూసుకోండి.

ఫొటో రెండంగుళాల చదరంలో, తెల్లటి నేపథ్యంతో, ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. కళ్లజోడు తీసేయాలి.

5. కాగితం మీది ఉద్యోగం, మీరు చేసే ఉద్యోగం ఒకటేనా?

ఈ అధ్యాయంలో నేను మీతో ఎక్కువసేపు కూర్చుని మాట్లాడాలనుకున్నది ఇక్కడే.

ఒక పరిస్థితి ఊహించండి. మీ కంపెనీ న్యూజెర్సీలో ఉంది. క్లయింటు షార్లెట్‌లో. పెటిషన్‌లో పనిచేసే చోటు అని షార్లెట్ అడ్రసే ఉంది. మీరు మాత్రం ఏడాది క్రితం టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కుని అక్కణ్ణుంచే పనిచేస్తున్నారు. మేనేజరుకి తెలుసు, క్లయింటుకి తెలుసు, లాయరుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ తీర్పు ప్రకారం, పనిచేసే చోటు ఎల్‌సీఏలో (పెటిషన్‌తో వేసే లేబర్ కండిషన్ అప్లికేషన్‌లో) ఉన్న మెట్రో ప్రాంతం దాటి మారితే కంపెనీ అమెండ్‌మెంట్ పెటిషన్ వేయాలి. అది వేయకుండా మీరు కిటికీ దగ్గర నిలబడితే, "ఎక్కడ పనిచేస్తున్నారు?" అనే చిన్న ప్రశ్నకు మీ దగ్గర మంచి జవాబు ఉండదు. నిజం చెప్తే పెటిషన్ తప్పు. పెటిషన్‌లో ఉన్నది చెప్తే అబద్ధం.

దీనికి పరిష్కారం ఉంది, అదీ తేలికైనదే. ఇంటర్వ్యూకి నెలల ముందే లాయరుకి మెయిల్ పెట్టి అమెండ్‌మెంట్ వేయించుకోవడం. ప్రయాణం వాయిదా వేయాల్సి వస్తే వేయండి.

కాబట్టి బయల్దేరేముందు కంపెనీని పెటిషన్ పూర్తి కాపీ అడగండి. ఇవ్వడానికి కొందరు తటపటాయిస్తారు. కనీసం ఎల్‌సీఏ, సపోర్ట్ లెటరు అయినా తీసుకోండి. తీసుకున్నాక చదవండి. అందులో మీ హోదా ఏమిటి, జీతం ఎంత, పనుల జాబితా ఏమిటి, చోటు ఏది, ఏ డిగ్రీ కావాలన్నారు? చదువుతుంటే "ఇది నేను చేసే పని కాదే" అనిపిస్తే అది ఇంటర్వ్యూ రోజున తెలియాల్సిన సంగతి కాదు.

వెండర్ల ద్వారా క్లయింటు దగ్గర పనిచేసేవాళ్లు క్లయింటు లెటరు కోసం ముందుగానే మొదలుపెట్టండి. పెద్ద క్లయింట్లు అలాంటి లెటర్లు ఇవ్వలేమంటారు. అప్పుడు వర్క్ ఆర్డరు, ప్రాజెక్టు మేనేజరు రాసిన మెయిలు, బ్యాడ్జి కాపీ వంటివి సాయపడతాయి.

లేని అనుభవం రెజ్యూమెలో కలిపి ఉద్యోగంలో చేరినవాళ్లకు ఒక మాట. ఆ రెజ్యూమెని కాన్సులేటుకి తీసుకెళ్లకండి, అందులోని అబద్ధాన్ని అక్కడ చెప్పకండి. వీసా కోసం కీలకమైన అబద్ధం చెప్పినట్టు తేలితే అమెరికా ప్రవేశంపై శాశ్వత నిషేధం పడుతుంది. ఇప్పటిదాకా బాగానే నడిచిందన్న ధైర్యం ఆ కిటికీ దగ్గర పనిచేయదు. మీకు ఇలాంటి చిక్కు ఉంటే మీ కంపెనీతో సంబంధం లేని లాయరుని విడిగా కలవండి.

6. ఇంటర్వ్యూ: మీ పని మీరు చెప్పడమే

ఎక్కువసార్లు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆఫీసరు మీ పెటిషన్ వివరాలను తన కంప్యూటర్లో చూస్తూనే మాట్లాడతారు. అడిగేవి మామూలు ప్రశ్నలు. ఎక్కడ పనిచేస్తారు? ఏం చేస్తారు? జీతమెంత? ఏం చదివారు? కెనడాలో ఎన్నాళ్లుగా ఉంటున్నారు?

"ఏం చేస్తారు?" అనే ప్రశ్నకు మనవాళ్లు ఇచ్చే జవాబు ఒకసారి వినండి. "నేను క్లౌడ్ నేటివ్ మైక్రోసర్వీసెస్ మీద ఎండ్ టు ఎండ్ ఎస్‌డీఎల్‌సీ..." ఆఫీసరుకి ఏమీ అర్థం కాలేదు, అర్థం కానప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. ఇలా చెప్పి చూడండి: "నేను ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. రోగి ఇన్సూరెన్స్ వివరాలు సరిచూసే భాగం నాది." రెండే వాక్యాలు. మీ అమ్మకి ఫోన్లో చెప్తే అర్థమయ్యేలా ఉందా? అయితే అది మంచి జవాబు. ముందురోజు నిజంగానే అమ్మకి ఫోన్ చేసి చెప్పి చూడండి. ఇంటర్వ్యూ భయం కూడా కొంత తగ్గుతుంది.

అడిగినదానికే జవాబివ్వండి. అడగకుండా ఫైలు ముందుకు తోయకండి, కానీ ఏ కాగితం ఎక్కడుందో చూడకుండా తీయగలిగేలా సర్దుకోండి. తెలియని విషయం అడిగితే "అది నాకు ఖచ్చితంగా తెలీదు, మా లాయరుని అడిగి పంపిస్తాను" అనడం తప్పు కాదు.

7. స్లిప్ చేతిలో పెట్టారా? ఊపిరి పీల్చుకోండి

221(జి) స్లిప్ ఇస్తే రెండింటిలో ఒకటి. ఏదైనా కాగితం కావాలన్నారు, లేదా అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌లో పెట్టారు. మొదటిదైతే స్లిప్‌లో అడిగినవన్నీ ఒకేసారి, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే పంపండి. దీనికి ఏడాది గడువు ఉంటుంది. ఆ తర్వాతైతే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు.

రెండోదైతే చేయగలిగింది వేచి ఉండడమే. కొందరికి వారాల్లో తేలుతుంది, కొందరికి నెలలు పడుతుంది. డీఎస్-160 నంబరుతో స్టేటస్ చూస్తే "రిఫ్యూజ్డ్" అని కనబడుతుంది. చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. కంగారుపడకండి. 221(జి)లో ఉన్న కేసులన్నిటికీ సైటు ఆ మాటే చూపిస్తుంది, తుది తీర్పు అని దానర్థం కాదు. రోజూ మెయిల్ పెడితే కేసు వేగంగా కదలదు. స్టేటస్ వారానికొకసారి చూడండి, మిగతా సమయం పనిలో పెట్టండి.

మూడో పాయింటు కింద రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. మేనేజరుకి అదేరోజు చెప్పండి. లాయరుకి స్లిప్ ఫొటో పంపండి. కెనడాలో విజిటర్‌గా ఉన్నవాళ్లు తమ గడువు తేదీ చూసుకుని, దాటకముందే పొడిగింపుకి దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంటే ఇంటికి వెళ్లి అమ్మానాన్నల దగ్గర ఉండి వేచి చూడొచ్చు. దాన్ని ఓడిపోయి వెళ్లడంగా అనుకోకండి. హోటల్ గదిలో ఒంటరిగా రోజుకు పదిసార్లు స్టేటస్ చూసుకోవడం కంటే అది ఎంతో నయం.

8. భార్యాపిల్లల స్టాంపింగ్

హెచ్-4 వాళ్లకి ఒక్కొక్కరికీ విడి డీఎస్-160, విడి ఫీజు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇంటర్వ్యూ ఉండదన్న పాత మాట నమ్మకండి. 2025 సెప్టెంబరు నుంచి ఆ మినహాయింపు లేదు. పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధృవీకరణ పత్రాల్లో పేర్లు పాస్‌పోర్టులతో సరిపోలాలి. అందరూ ఒకేసారి వెళ్లాలా అన్నది ఆలోచించి తేల్చుకోండి. భార్య ఉద్యోగం చేస్తుంటే, బడి నడుస్తుంటే, ఒకరు ముందు వెళ్లొచ్చి తర్వాత మిగతావాళ్లు వెళ్లడం చాలా ఇళ్లలో తెలివైన పని.

9. పాస్‌పోర్టు చేతికొచ్చాక

వీసా మీద పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, పెటిషన్ నంబరు, గడువు తేదీ అక్కడికక్కడే చదవండి. తప్పుంటే దేశం దాటకముందే కాన్సులేటుకి చెప్పాలి.

తిరిగి వచ్చేటప్పుడు వాంకూవర్ దారిలో బ్లెయిన్ దగ్గరైనా, బఫెలో దారిలో పీస్ బ్రిడ్జి దగ్గరైనా, టొరంటో విమానాశ్రయంలోని ప్రీక్లియరెన్స్‌లోనైనా ఒరిజినల్ ఐ-797 చేతిలో ఉండాలి, సూట్‌కేసులో కాదు. మళ్లీ అవే ప్రశ్నలు రావచ్చు, అవే జవాబులు ఇవ్వండి.

ఇంటికొచ్చిన రోజే సీబీపీ (అమెరికా సరిహద్దు విభాగం) సైటులో కొత్త ఐ-94 తీసి చూడండి. పెటిషన్ 2028 దాకా ఉన్నా, పాస్‌పోర్టు 2027లో అయిపోతుంటే ఐ-94 కూడా 2027తోనే ఆపేసే అవకాశం ఉంది. అప్పటి నుంచి మీ గడువు ఆ ఐ-94 తేదీయే, పెటిషన్ తేదీ కాదు. దీన్ని చూసుకోక, పెటిషన్ ఉంది కదా అని ధీమాగా ఉండి స్టేటస్ పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. అందుకే పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ప్రయాణానికి ముందే రెన్యూ చేయించండి. ఐ-94లో ఆఫీసరు వల్ల పొరపాటు జరిగి ఉంటే దగ్గర్లోని సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేయిస్తారు. ప్రింటు తీసి ఒక కాపీ లాయరుకి, ఒకటి హెచ్ఆర్‌కి పంపండి. ఆ తేదీని మీ ఫోన్ క్యాలెండర్లో ఆరు నెలల ముందు గుర్తుచేసేలా పెట్టుకోండి.